కావలిపాకలో చుట్టం

వెనకటికి ఒక సీమలో నూరు ఊళ్లుండేవి. అన్నిటికీ ఒకటే ఏరు, ఒకటే పంట, ఒకటే భయం. దొంగల భయం. అందుకని ఊరూరా తలార్లను పెట్టుకున్నారు.

ఆ తలార్ల పద్ధతి చిత్రమైనది. ఒక్కొక్కడికి ఒక్క ముఖమే గుర్తు. ఆ ముఖం తప్ప ఎవరు ఎదురుపడ్డా వాడికి పట్టదు. దొంగ ఎలా ఉంటాడో ముందే ఎవరికి తెలుసు? అందుకని ఎవడి బుర్రలో ఏ ముఖం తోస్తే ఆ ముఖంతోనే వాణ్ణి కొలువులోకి తీసుకునేవారు. అలా తోచిన ముఖాల్లో సొంత ఊరివాళ్ల పోలికలూ పడేవి. కొత్త తలారిని రచ్చబండ దగ్గర నిలబెట్టి, ఊరిజనాన్నంతా వాడి ముందు నుంచి నడిపించేవారు. ఎవరినైనా చూసి "దొంగ!" అని అరిచాడా, అక్కడికక్కడే ఇంటికి పంపేసేవారు. అరవకుండా కళ్లు మాత్రం కాస్త చిట్లించాడా, కర్ర లాక్కుని కావలిపాకలో ఓ మూల పడుకోబెట్టేవారు. అలా కర్ర లేకుండా పడుకున్నవాళ్లు లేని ఊరు ఆ నూరింటిలో ఒక్కటీ లేదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఏ తలారీ తనంతట తాను కొమ్ము ఊదడానికి లేదు. పెద్దకాపు వచ్చి, సంగతి విని, తల ఊపాలి.

ఆ సీమలో ఒక దేశదిమ్మరి తిరుగుతూ ఉండేవాడు. వాడు గోడ దూకి వచ్చే రకం కాదు. వాకిట్లో కూర్చున్నవాళ్లను "గుక్కెడు మంచినీళ్లు" అని అడిగేవాడు. చెంబు కరుచుకుని తాగి, పక్కవాడికి అందించేవాడు. ఆ ఎంగిలి చెంబుతోపాటే ఊళ్లోకి వచ్చేసేవాడు. ఊరు కట్టి ఏడాదో రెండేళ్లో అయినప్పుడు వస్తే పెద్దగా గొడవేమీ ఉండేది కాదు. నాలుగు రోజులు కుక్కలు మొరిగేవి, అంతే. ఊరు పదహారేళ్ల వయసుకు వచ్చాక మొదటిసారి అడుగుపెడితే మాత్రం నెల్లాళ్లు రచ్చ. తలార్లంతా పాకల్లోంచి బయటికొచ్చి కర్రలు తిప్పేవారు, ఊరు ఒళ్లు నొప్పులతో మంచం పట్టేది.

ఎలా వచ్చినా చివరికి జరిగేది ఒకటే. తలార్లు వాణ్ణి తరిమేవారు. వాడు పొలిమేర దాకా పరిగెత్తినట్టే కనిపించి, చుట్టూ తిరిగి వచ్చి కావలిపాకలోనే దూరేవాడు. తలారి దుప్పటి కప్పుకుని తలార్ల మధ్య పడుకునేవాడు. ఊరంతా వెతికేవాళ్లు తమ పక్కలో వెతుక్కోరు కదా! ఎప్పుడైనా లేచి తల బయట పెడితే మిగతావాళ్లు నెత్తిన ఒకటి మొట్టి పడుకోబెట్టేవారు. ఇలా నూరు ఊళ్లలో తొంభై అయిదింటి కావలిపాకల్లో ఆ చుట్టం కాపురముండిపోయాడు. ఏళ్లు గడిచాయి. ఎవరికీ ఏ నష్టమూ లేదు.

ఇక ఎగువ ఊరి సంగతి. ఆ ఊళ్లో నీరటి ఒకడుండేవాడు. కాలవ గట్లకు మట్టి మెత్తి, ఎక్కడా చెమ్మ జారకుండా చూడడం వాడి పని. గట్టు గట్టిగా ఉంటేనే ఎగువన వదిలిన నీరు చివరి మడి దాకా చేరుతుంది. ఆ నీరటి తలగుడ్డకు ఎర్ర గళ్ల అంచు. చుట్టం తలగుడ్డకూ ఎర్ర గళ్ల అంచే. ఒకే మగ్గం మీద నేసిందో ఏమో!

చుట్టం మీద రచ్చ జరిగిన రోజుల్లో తలార్లు ఆ అంచును బాగా గుర్తు పెట్టుకున్నారు. తర్వాత కొన్నేళ్లకు ఒక రాత్రి, గట్టు మీద వంగి మట్టి మెత్తుతున్న నీరటి తలగుడ్డ ఒక తలారి కంటపడింది.

"మామా, వీడే వాడు!" అన్నాడు పెద్దకాపుతో.

"అంచు చూశావా అల్లుడూ?"

"చూశాను. అదే."

పెద్దకాపు తల ఊపాడు. కొమ్ము మోగింది. నీరటిని కొట్టారు, వాడు మెత్తిన గట్టునూ తవ్వేశారు. తెల్లారేసరికి కాలవకు నాలుగు చోట్ల గండ్లు. ఎగువన నీరు పుష్కలంగా ఉంది, చివరి మళ్లు మాత్రం నెర్రెలిచ్చాయి. గట్టు పూడ్చుకున్నారు. ఆర్నెల్లకు మళ్లీ తవ్వారు.

దిగువ ఊరి కథ వేరు. అక్కడ చుట్టానికి పక్క దొరికింది కర్ర లేని తలార్ల మధ్య. వాళ్ల చెవిలో రాత్రుళ్లు ఏం ఊదాడో, ఏళ్ల తరబడి నిద్రపోయినవాళ్లు లేచి కూర్చున్నారు. పెద్దకాపు దగ్గరికి వాళ్లే వెళ్లి, వాళ్లే సాక్ష్యం చెప్పి, ఊళ్లోని మిగతా తలార్లను కూడా రెచ్చగొట్టారు. ఈ ఊళ్లో దెబ్బలు ఒక్కరికే పరిమితం కాలేదు. వాకిళ్లు కాల్చారు, బండి ఇరుసులు విరిచారు, ఊరి మురికి కడిగే రేవు మెట్లు పగలగొట్టారు.

రెండు ఊళ్లవాళ్లూ పంచాయితీ పెట్టారు. ఒక ముసలాయన లేచి, కావలిపాకలో పడుకున్న ఆ పరాయివాడి మీద నాకు అనుమానంగా ఉందన్నాడు. జనం ఘొల్లుమన్నారు. "వాడు తొంభై అయిదు ఊళ్లలో ఉన్నాడు తాతా. అన్ని ఊళ్లూ చల్లగా ఉంటే మన రెండూళ్లలోనే నేరం చేశాడంటావా?" ముసలాయనకు జవాబు దొరకలేదు. చుట్టం దుప్పట్లో నవ్వుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న వాణ్ణి రెండు తరాలపాటు కాపాడింది.

మూడో తరంలో కరణంగారి కూతురు అటక మీది పాత కవిలెలు దులిపింది. రెండేళ్లకోసారి జమీందారు మనుషులు వచ్చి, ఉప్పు పన్ను కోసం ఊరూరా బసచేసిన పరదేశుల పేర్లు రాసుకుపోయేవారు. పన్ను ఎత్తేసి చాలా కాలమైంది. కవిలెలు మాత్రం చెదలు పట్టకుండా మిగిలాయి.

"ఎందుకమ్మా ఆ దుమ్ము?" అన్నాడు కరణం.

"నాన్నా, అందరూ వాడున్న ఊళ్లనే లెక్కపెడుతున్నారు. వాడు లేని ఊళ్లేమయ్యాయో ఎవరూ చూడలేదు."

వాడు అడుగుపెట్టని ఊళ్లను ఏరింది. అలాంటి ఊళ్లలో గట్టు తెగిన ఊరు దాదాపు కనబడలేదు. తర్వాత, మొదట్లో వాడు లేక, ఈ మూడు తరాల్లో పోను పోను గట్లు తెగిన ఊళ్లను పట్టుకుంది. ప్రతి కవిలెలోనూ వరస ఒకటే. ముందు వాడి బస, కొన్నేళ్లకు గండి. గండి పడ్డాక వాడొచ్చిన ఊరు లేదు. పట్టుదలగల పిల్ల కనక ఇంకో పని కూడా చేసింది. అదే ఎంగిలి చెంబుతో ఊరూరా తిరిగే గంపలవాడు ఇంకొకడున్నాడు. వాడి లెక్కా తీసింది. వాడు వచ్చిన ఊళ్లకూ రాని ఊళ్లకూ గండ్ల విషయంలో తేడాయే లేదు. చెంబు తప్పు కాదన్నమాట.

మునసబు ఉత్సాహంగా లేచాడు. "అయితే తొంభై అయిదు ఊళ్లలోనూ పాకలు తగలబెట్టిద్దాం!"

"బాబాయిగారూ, పాకలో తలార్లు కూడా ఉన్నారు," అంది ఆ పిల్ల.

చివరికి ఎగువ ఊళ్లో మాత్రం పాక ఖాళీ చేయించి తలార్లను పంపేశారు. గట్లు తెగడం బాగా తగ్గింది. తగ్గింది తలార్లు పోయినందుకా, వాళ్లతోపాటు చుట్టం పోయినందుకా అన్న తగువు ఆ ఊళ్లో ఇంకా తేలలేదు.

నీతి

ఈ కథ విని "పరాయివాణ్ణి ఇంట్లోకి రానివ్వకు" అనే నీతి తీస్తే కథ వృథా అయినట్టే. నేను చెప్పదలచింది పంచాయితీలో జనం నవ్విన నవ్వు గురించి. అందరిలోనూ ఉన్నది కొందరి జబ్బుకు కారణం ఎలా అవుతుంది అనే మాట వినడానికి తిరుగులేని తర్కంలా ఉంటుంది. కానీ అది వాడి నిర్దోషిత్వానికి రుజువు కాదు. వాడికి దొరికిన దుప్పటి మాత్రమే.

చుట్టం పేరు ఎప్‌స్టీన్-బార్ వైరస్, పొట్టిగా ఈబీవీ. హెర్పిస్ కుటుంబానికి చెందినది. లోకంలో పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఒంట్లో ఇది ఉంది. ఈ వాక్యం చదువుతున్న మీలోనూ దాదాపు ఖాయంగా ఉంది, రాస్తున్న నాలోనూ. తలార్లు బీ కణాలు, అంటే యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు. ఒక్కో బీ కణానికి ఒక్క గుర్తే ఉంటుందన్నది కథ కోసం కల్పించింది కాదు. కర్ర లాక్కుని పడుకోబెట్టినవాళ్లూ నిజమే. సొంత ఒంటినే శత్రువుగా చూడగల బీ కణాలు ఆరోగ్యవంతుల్లో కూడా ఉంటాయి, మెలకువ లేకుండా పడి ఉంటాయి. ఇక పెద్దకాపు సహాయక టీ కణం.

ఈ వైరస్ బయటపడిన తీరులోనూ ఒక దుప్పటి ఉంది. ఉగాండాలో పనిచేసిన సర్జన్ డెనిస్ బర్కిట్ 1961లో లండన్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఆఫ్రికా పిల్లల దవడల్లో వచ్చే ఒక కేన్సర్ గురించి. వింటున్నవాళ్లలో ఆంథోనీ ఎప్‌స్టీన్ ఉన్నారు. ఆ కణుతుల ముక్కలు ఉగాండా నుంచి విమానంలో తెప్పించుకుని, రెండేళ్లకు పైగా వైరస్ కోసం వెతికారు, దొరకలేదు. 1963 డిసెంబరులో లండన్‌ను పొగమంచు కప్పేయడంతో విమానాన్ని మాంచెస్టర్‌కు మళ్లించారు. ముక్క ఆలస్యంగా చేరింది. సీసాలో ద్రవం మబ్బుగా ఉంది. బ్యాక్టీరియా పట్టి పాడైందనుకుని పారేయాల్సిందే. ఎప్‌స్టీన్ పారేసే ముందు ఒక చుక్క సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. మబ్బుకు కారణం కుళ్లు కాదు, కణితి నుంచి విడివడి బతికే ఉన్న కణాలు. వాటిని పెంచి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తే వైరస్ కనిపించింది. 1964లో ఎప్‌స్టీన్, బర్ట్ అచాంగ్, ఇవోన్ బార్ కలిసి ఆ సంగతి ప్రకటించారు. పేరులో అచాంగ్‌కు చోటు దక్కలేదు. ట్రినిడాడ్ నుంచి వచ్చిన ఆ మనిషి పేరు ఇక్కడైనా ఒకసారి రాయాలనిపించింది.

పదహారేళ్ల ఊళ్లో జరిగిన నెల్లాళ్ల రచ్చను డాక్టర్లు ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్, పొట్టిగా మోనో అంటారు. దాన్ని తెచ్చేది ఈ వైరసేనని తేలడం వెనక కూడా ముందూ వెనకా లెక్కే ఉంది. ఫిలడెల్ఫియాలో వెర్నర్, గెర్‌ట్రూడ్ హెన్లే దంపతుల ప్రయోగశాలలో పనిచేసే ఒక అమ్మాయి రక్తంలో ఈ వైరస్‌కు యాంటీబాడీలు ఉండేవి కావు. 1967లో ఆమెకు మోనో వచ్చింది. జ్వరం తర్వాత పరీక్షిస్తే యాంటీబాడీలు ఉన్నాయి. జబ్బుకు ముందు రక్తం దాచి ఉండబట్టే ఆ మాట అనగలిగారు.

కరణం కూతురి కవిలెలకు ఈ లోకంలో అసలు రూపం అమెరికా సైన్యపు సీరం భాండాగారం. సైన్యంలో చేరేటప్పుడూ, ఆ తర్వాత సుమారు రెండేళ్లకోసారీ హెచ్ఐవీ పరీక్షకు రక్తం తీస్తారు. మిగిలిన సీరాన్ని గడ్డకట్టించి దాస్తారు. హార్వర్డ్‌లో ఆల్బెర్టో అషేరియో బృందం ఇరవై ఏళ్ల కాలంలో పనిచేసిన కోటి మందికి పైగా సైనికుల లెక్కలు తిరగేసింది. వారిలో 955 మందికి మల్టిపుల్ స్క్లిరోసిస్, పొట్టిగా ఎంఎస్, వచ్చింది. ఇది నరాల మీది కొవ్వు తొడుగును, అంటే మైలిన్‌ను, ఒంటిలోని రక్షకభటులే తినేసే జబ్బు. నీరటి గట్టు అదే. మెదడు నుంచి ఆజ్ఞ బయలుదేరుతుంది, కాలి వేలి దాకా చేరదు.

ఆ 955 మందిలో పరీక్షకు సరిపడా సీరం ఉన్నవాళ్లు 801 మంది. జబ్బు మొదలయ్యే ముందు తీసిన చివరి నమూనాలో ఈబీవీ జాడ లేనివాళ్లు ఎందరు? ఒక్కరు. మొదటి నమూనాలో వైరస్ లేనివాళ్లు 35 మంది. వారిలో 34 మందికి మధ్యలో ఎప్పుడో వైరస్ వచ్చింది, ఆ తర్వాతే జబ్బు. వైరస్ తగిలినవారికి ముప్పు 32 రెట్లు. సైటోమెగలో వైరస్ కూడా ఉమ్మి ద్వారా వ్యాపిస్తుంది. దాని లెక్కలో ఆ పెరుగుదల లేదు. నాడీకణాలు దెబ్బతింటున్నాయని చెప్పే ఒక ప్రోటీన్ రక్తంలో పెరగడం కూడా వైరస్ వచ్చాకే కనబడింది, ముందు కాదు. 2022 జనవరిలో సైన్స్ పత్రిక దీన్ని అచ్చేసింది. నన్నడిగితే ఈ పనిలో గొప్పతనం 32 అనే అంకెలో లేదు. వైరస్ ఉన్నవాళ్లందరినీ వదిలేసి, లేని 35 మందిని వెతికి పట్టుకోవడంలో ఉంది.

అదే నెలలో స్టాన్‌ఫర్డ్ బృందం ఎర్ర గళ్ల అంచును చూపించింది. వైరస్‌లోని ఎబ్నా-1 అనే ప్రోటీన్‌లో ఒక ముక్క, మన మెదడులోని గ్లయల్‌క్యామ్ అనే ప్రోటీన్‌లో ఒక ముక్క ఒకదాన్నొకటి పోలి ఉన్నాయి. మొదటిదాన్ని పట్టడానికి తయారైన యాంటీబాడీ రెండోదాన్నీ పట్టుకుంటోంది. అయితే రెండిటినీ పట్టే ఇలాంటి యాంటీబాడీలు కనిపించింది ఎంఎస్ రోగుల్లో నూటికి 20 నుంచి 25 మందిలోనే. మిగతావాళ్ల గట్టు ఏ అంచు చూసి తవ్వారో ఇంకా తెలుసుకోవాలి.

దిగువ ఊరు లూపస్. చర్మం, కీళ్లు, మూత్రపిండాలు, ఏవైనా దెబ్బతినవచ్చు. రోగుల్లో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లు. 1997లో ఓక్లహోమాలో జుడిత్ జేమ్స్, జాన్ హార్లీ బృందం వెతికే చోటును తెలివిగా ఎంచుకుంది. పెద్దవాళ్లలో అందరికీ వైరస్ ఉంటే తేడా తెలియదు కనక, చిన్న వయసు రోగులను తీసుకున్నారు. 117 మందిలో 116 మందికి ఈబీవీ తగిలిన గుర్తులున్నాయి. జబ్బు లేని ఆ వయసు పిల్లల్లో నూటికి 70 మందికే ఉన్నాయి.

2025 నవంబరులో స్టాన్‌ఫర్డ్‌కే చెందిన విలియం రాబిన్సన్ బృందం కావలిపాకలోకి దీపం పట్టుకుని వెళ్లింది. మామూలు మనుషుల్లో ఈ వైరస్ దాగిన బీ కణాలు పదివేలకు ఒకటికన్నా తక్కువ. లూపస్ రోగుల్లో సుమారు 400కు ఒకటి. పైగా, వైరస్‌కు చెందిన ఎబ్నా-2 అనే ప్రోటీన్ ఆ కణాల్లోని కొన్ని జన్యువుల మీటలు నొక్కి, నిద్రలో ఉన్నవాటిని లేపి, టీ కణాల ముందు సాక్ష్యం చెప్పేలా మారుస్తోందని ఆ బృందం చెప్పింది. కొద్దిమంది రోగుల మీద చేసిన పని ఇది. ఇంకెవరైనా, ఇంకో దేశంలో, ఇంకా ఎక్కువమంది మీద చేసి చూసేదాకా ఊపిరి బిగబట్టుకోవడమే మంచిది.

ఇంత చెప్పాక కూడా పంచాయితీలోని ప్రశ్న సగం మిగిలే ఉంటుంది. చాలామందిలో చుట్టం ఎందుకు మర్యాదగా పడుకుంటాడు? వంశపారంపర్యంగా వచ్చే హెచ్ఎల్ఏ జన్యువుల్లో కొన్ని రకాలున్నవారికి ముప్పు ఎక్కువ. అంటే పెద్దకాపు ముందు సాక్ష్యం ఎలా పెడతారన్నదే ఊరికీ ఊరికీ తేడా. ఏ వయసులో తగిలిందన్నదీ లెక్కలోకి వస్తుంది. మోనోతో మంచం పట్టినవారికి తర్వాత ఎంఎస్ వచ్చే అవకాశం ఎక్కువని చాలాసార్లు చూశారు. మన దేశంలో పిల్లలకు ఇది పసితనంలోనే, పేరు తెలియని జలుబులా వచ్చిపోతుంది. ఉత్తర ఐరోపాతో పోలిస్తే మన దగ్గర ఎంఎస్ తక్కువే. ఈ రెండు మాటలనూ ముడి వేయాలని నాకూ చెయ్యి దురద పెడుతుంది. కానీ ఎండ, విటమిన్ డి, జన్యువులు, న్యూరాలజిస్టు దగ్గరికి చేరగలిగినవారి సంఖ్య, ఇవన్నీ కూడా ఆ తేడాలో ఉన్నాయి.

అందుకే లూపస్ ఉన్న అమ్మాయి చేతికి "ఈబీవీ ఐజీజీ పాజిటివ్" అని రాసిన ల్యాబు కాగితం వచ్చిందంటే కంగారు పడాల్సిందేమీ లేదు. ఆ కాగితం ఆమె తల్లికీ అలాగే వస్తుంది, రక్తం తీసిన టెక్నీషియన్‌కూ అలాగే వస్తుంది. ఆ ఫలితం చూసి ఆమె మందులు మార్చాల్సిన పని లేదు, మానేయాల్సిన పని అసలే లేదు.

పాక ఖాళీ చేయించే వైద్యం ఇప్పటికే ఉంది. రిటుక్సిమాబ్, ఓక్రెలిజుమాబ్ లాంటి మందులు సీడీ20 గుర్తున్న బీ కణాలను ఏరి పారేస్తాయి. ఎంఎస్‌లో మళ్లీ మళ్లీ తిరగబెట్టడం బాగా తగ్గుతుంది. ఎందువల్ల అన్నది ఎగువ ఊరి తగువే. ఆ తగువు తేలాలంటే తలార్లను ముట్టుకోకుండా చుట్టాన్ని మాత్రమే ఆపి చూడాలి. అంటే టీకా కావాలి. ఈబీవీకి అందుబాటులో ఉన్న టీకా ఇంకా లేదు. పరీక్షల దశలో ఉన్నవి ఉన్నాయి. అది వచ్చినా వైరస్ ఇంకా తగలని పిల్లల్ని వెతికి వేయాలి, వేశాక ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండాలి. ఆ పిల్లలు అమెరికాలో హైస్కూల్లో కూడా కొందరు దొరుకుతారు. మన ఊళ్లలో అయితే పసిబిడ్డలుగా ఉండగానే పట్టుకోవాలి, అమ్మమ్మ అన్నం ముద్ద తన నోట మెత్తగా నమిలి మనవడి నోట్లో పెట్టకముందే.